ఐసీయూ అనగానే గుండె జారిపోకండి: కార్-టి చికిత్స మీద మీ ప్రశ్నలు

పోయిన నెల ఈ పేజీలో కార్-టి సెల్ థెరపీ గురించి కొంచెం రాశాను కదా, పేషెంట్ రక్తంలోంచే టి-కణాలనే రక్షణ కణాలు తీసి, ల్యాబ్‌లో వాటికి క్యాన్సర్ కణాన్ని గుర్తుపట్టే కొత్త జన్యువు ఎక్కించి, బాగా పెంచి మళ్ళీ అదే పేషెంట్ ఒంట్లోకి పంపించే చికిత్స. దాని మీద చాలా మెయిల్స్ వచ్చాయి, చదువుతుంటే తెలిసిందేంటంటే ఎవరికీ ఆ కణాలంటే భయం లేదు, ఐసీయూ అంటేనే భయం. నేను హైదరాబాద్‌లో ఐసీయూలోనే పనిచేసే డాక్టర్ని, అందుకే ఈసారి పేజీ మొత్తం దానికే ఇచ్చేస్తున్నా. రాసినవాళ్ళ పేర్లు వేయడం లేదు.

మేడమ్ నమస్తే. మా నాన్నకి 58 ఏళ్ళు, లింఫోమా, అంటే లింఫు గ్రంథుల క్యాన్సర్. ఆరు సైకిల్స్ కీమో అయ్యాక తగ్గింది, ఏడాది తిరక్కుండానే మళ్ళీ వచ్చింది, రెండో రకం కీమోకి లొంగలేదు. ఇప్పుడు కార్-టి చేద్దాం అన్నారు, మేమూ సరే అన్నాం. కానీ కౌన్సెలింగ్‌లో "ఐసీయూ బెడ్ కూడా రెడీగా పెడతాం" అన్నారు, అప్పట్నుంచి అమ్మ సరిగ్గా అన్నం కూడా తినట్లేదు. ఐసీయూకి పంపడానికి ఇన్ని లక్షలు ఎందుకమ్మా అని మా బాబాయి అంటున్నాడు. నిజంగా అంత ప్రమాదమా? (కూకట్‌పల్లి నుంచి ఒక అమ్మాయి)

అమ్మా, ముందు మీ అమ్మగారికి ఈ ఒక్క మాట చెప్పు, ఐసీయూ బెడ్ రెడీగా పెడతాం అని ముందే చెప్పిన హాస్పిటల్ తన పని తెలిసిన హాస్పిటల్. ఆ మాట అసలు ఎత్తని చోటయితే నాకు భయం వేసేది.

మన ఇళ్ళల్లో క్యాన్సర్ పేషెంట్‌ని ఐసీయూలో పెట్టారంటే ఇక ఆశల్లేవనే లెక్క, చుట్టాలందరికీ ఫోన్లు వెళ్ళిపోతాయి. ఆ భయం ఊరికే పుట్టలేదు, జబ్బు ముదిరిపోయి ఏ మందూ పనిచేయని స్థితిలో ఐసీయూకి వచ్చినవాళ్ళని చూసి చూసి వచ్చింది. కార్-టిలో సంగతి వేరు. ఇక్కడ పేషెంట్‌ని ఐసీయూకి తెచ్చేది చాలాసార్లు ఆ చికిత్స పనిచేస్తున్నప్పుడు పుట్టే మంటే. నాన్నగారి ఒంట్లోకి వెళ్ళిన కణాలు లింఫోమా కణాల మీదున్న సీడీ-19 అనే గుర్తుని పట్టుకుని వాటిని చంపుతూ, ఒకటి పది, పది వెయ్యి అయినట్టు పెరుగుతాయి. పెరిగేటప్పుడు సైటోకైన్లనే రసాయనాలు వదుల్తాయి, వాటిని చూసి ఒంట్లో ఉన్న మామూలు రక్షణ కణాలు కూడా రెచ్చిపోయి ఇంటర్‌ల్యూకిన్-6 లాంటివి ఇంకా ఎక్కువ వదుల్తాయి. దాంతో జ్వరం కాస్తుంది, రక్తనాళాలు లీకయి బీపీ పడిపోతుంది, ఊపిరితిత్తుల్లో నీరు చేరి ఆక్సిజన్ తగ్గుతుంది. దీన్నే సైటోకైన్ రిలీజ్ సిండ్రోమ్ అంటారు, మేమంతా పొట్టిగా సీఆర్ఎస్ అనేస్తాం. సాధారణంగా మొదటి రెండు వారాల్లోపే వస్తుంది. జబ్బు ఒంట్లో ఎంత ఎక్కువగా ఉంటే ఇది అంత గట్టిగా వచ్చే అవకాశం ఉంటుంది, అందుకే కణాలు తయారయ్యేలోపు జబ్బుని కాస్త అదుపులో పెట్టడానికి కొంతమందికి మధ్యలో వేరే మందులు కూడా ఇస్తారు.

అందరికీ ఐసీయూ పడదు. 2021లో లాన్సెట్ హెమటాలజీలో ఒక స్టడీ వచ్చింది, చాలా దేశాల హాస్పిటల్స్ కలిసి చేసింది, అందులో కార్-టి తీసుకున్న 942 మందిలో 258 మంది ఐసీయూకి వెళ్ళారు, అంటే నలుగురిలో ఒకరి కంటే కొంచెం ఎక్కువ. అలా వెళ్ళినవాళ్ళలో కూడా నాలుగింట మూడొంతుల మందికి పైగా మూడు నెలల తర్వాత బతికే ఉన్నారు. ప్రమాదం లేదని నేను చెప్పను, ఉంది, ఆ మిగతావాళ్ళ గురించి మీ డాక్టర్ మీతో నిజాయితీగా మాట్లాడాలి, మీరూ అడగాలి. కానీ రెండు కీమోలకీ లొంగని లింఫోమాని అలాగే వదిలేస్తే ఏమవుతుందో కూడా పక్కన పెట్టి చూడాలి కదా, బాబాయిగారు ఆ రెండో వైపు చూడట్లేదు.

ఇంకోటి, ఐసీయూకి మార్చడం అంటే ప్రతిసారీ ప్రాణం మీదకి వచ్చిందని కాదు. సీఆర్ఎస్‌లో నాలుగు గ్రేడ్లు ఉంటాయి. 100.4 దాటిన జ్వరం ఒక్కటే ఉంటే మొదటి గ్రేడ్, వార్డులోనే చూస్తారు. బీపీ పడినా సెలైన్‌తో నిలబడితే, లేదా ముక్కు దగ్గర గొట్టంతో కొద్దిగా ఆక్సిజన్ సరిపోతే రెండో గ్రేడ్. బీపీ నిలబెట్టడానికి మందు డ్రిప్‌లో పెట్టాల్సి వస్తే, లేదా ఎక్కువ ఫ్లోతో ఆక్సిజన్ కావాల్సి వస్తే మూడు. ఒకటికి మించి బీపీ మందులో, వెంటిలేటరో కావాల్సి వస్తే నాలుగు. రెండు నుంచి మూడుకి కొన్ని గంటల్లోనే వెళ్ళిపోవచ్చు, అందుకే నాలాంటివాళ్ళం రెండో గ్రేడ్‌లోనే పేషెంట్‌ని మా దగ్గరికి తెచ్చుకుని గంట గంటకీ చూసుకోవాలనుకుంటాం. అమ్మగారు గాజు తలుపు బయట నిలబడి ఏడుస్తుంటే లోపల నాన్నగారు ఇడ్లీ తింటూ కూర్చుని ఉండొచ్చు కూడా, అలాంటివి చూశాను.

మందు ఏంటంటే టోసిలిజుమాబ్. పేరు విన్నట్టుంది కదూ, 2021 కరోనా సెకండ్ వేవ్‌లో మన సిటీలో జనం రాత్రంతా మెడికల్ షాపులు తిరిగింది ఈ ఇంజెక్షన్ కోసమే. ఇంటర్‌ల్యూకిన్-6 పనిచేసే దారిని మూసేస్తుంది, గంటసేపు డ్రిప్‌లో ఇస్తారు, చాలామందికి కొన్ని గంటల్లోనే జ్వరం దిగి బీపీ కుదురుకుంటుంది. చాలకపోతే ఎనిమిది గంటలు ఆగి మళ్ళీ ఇవ్వొచ్చు, దానికీ లొంగకపోతే స్టెరాయిడ్స్. కాబట్టి నాన్నగారికి కణాలు ఎక్కించే రోజుకే కనీసం రెండు డోసులు ఆ హాస్పిటల్ ఫార్మసీలో ఆయన కోసం పక్కన పెట్టి ఉన్నాయా అని అడుగు. చీటీ రాసిచ్చి బయట తెచ్చుకోమనే పరిస్థితి ఈ చికిత్సలో అస్సలు ఉండకూడదు, ఇది మొహమాటపడే విషయం కాదు.

డాక్టరమ్మా, మా తమ్మునికి 22 ఏండ్లు, బ్లడ్ క్యాన్సర్, బి-ఏఎల్ఎల్ అన్నరు. కార్-టి చేసిన్రు, మంచిగనే ఉన్నడని డిశ్చార్జి చేసిన్రు, దవాఖాన దగ్గర్లనే ఉండుమన్నరు. ఉప్పల్ల మా ఇల్లుండంగ రూముకు కిరాయెందుకు అని ఇంటికే తీస్కపోతున్నం. జొరం వస్తే డోలో ఏసి ఒక రోజు చూడొచ్చా? (ఉప్పల్ నుంచి ఒక అన్న)

వద్దు తమ్ముడూ, రెండూ వద్దు.

జ్వరం వస్తే ఈ పేషెంట్ విషయంలో "చూద్దాం" అనేది లేదు. డోలో వేస్తే టెంపరేచర్ దిగుతుంది కానీ లోపల జరిగేది ఆగదు, బీపీ పడేదాకా మీకు తెలియకుండా పోతుంది. పైగా ఆ జ్వరం సీఆర్ఎస్‌దా, ఇన్ఫెక్షన్‌దా అని బయటి నుంచి చూసి మేమే చెప్పలేం. కణాలు ఎక్కించే ముందు మూడు రోజులు ఫ్లుడారబిన్, సైక్లోఫాస్ఫమైడ్ అనే కీమో ఇచ్చి ఉంటారు, కొత్త కణాలకి చోటు చేయడానికి, దానివల్ల తెల్లకణాలు బాగా పడిపోయి ఉంటాయి. అలాంటి మనిషికి ఇన్ఫెక్షన్ వస్తే గంటల్లోనే ముదురుతుంది. అందుకే ఇలాంటి జ్వరంతో వస్తే మేం బ్లడ్ కల్చర్ పంపించి వెంటనే యాంటీబయాటిక్ మొదలుపెడతాం, ఇంకోపక్క సీఆర్ఎస్‌ని కూడా చూస్తాం, ఒకటి తేలాక రెండోది చేద్దామని కూర్చోం. వానాకాలమైతే డెంగీ కూడా గుర్తుపెట్టుకోవాలి మన సిటీలో.

అదే గల్లీలో ఉన్న క్లినిక్‌కి తీసుకెళ్తే ఏమవుతుందో నీకు తెలుసు, ఒక ఇంజెక్షన్ పొడిచి పంపిస్తారు, అందులో స్టెరాయిడ్ ఉంటుందో ఏముంటుందో. స్టెరాయిడ్ అవసరమైతే మేమే ఇస్తాం, కానీ ఎప్పుడు, ఎంత అనేది కార్-టి చేసిన టీమే చెప్పాలి. మీకు ఇచ్చిన కార్డు ఉంటుంది, ఫలానా తేదీన కార్-టి తీసుకున్నాడు, ఎమర్జెన్సీలో ఈ నంబర్‌కి చేయండి అని, అది తమ్ముడి జేబులోనే ఉండాలి, 108 పిలిచినా, దారిలో ఇంకే హాస్పిటల్‌కి వెళ్ళాల్సి వచ్చినా మొదట చూపించాల్సింది అదే. కార్డు ఇవ్వకపోతే రేపే అడిగి తీసుకో.

ఇక ఉప్పల్ సంగతి. మీ హాస్పిటల్ ఎక్కడో రాయలేదు, గచ్చిబౌలి వైపు అయితే సాయంత్రం ఏడింటికి ఉప్పల్ నుంచి ఎంతసేపు పడుతుందో నేను చెప్పక్కర్లేదు. రూము కిరాయి దండగ అనిపిస్తుంది, నిజమే, ఇప్పటికే అంత ఖర్చయింది. కానీ డాక్టర్ చెప్పిన వారాలు అయ్యేదాకా దగ్గర్లోనే ఉండండి, రాత్రి రెండింటికి కూడా ఇరవై నిమిషాల్లో చేరగలిగే చోట. తమ్ముడి పక్కన రాత్రిళ్ళు ఎవరో ఒకరు పడుకోవాలి, రోజుకి నాలుగైదుసార్లు టెంపరేచర్ చూసి నోట్‌బుక్కులో రాయాలి.

మా వారికి కణాలు ఎక్కించిన ఆరో రోజు జ్వరం కూడా లేదు, బాగానే ఉన్నారు అనుకుంటుంటే మాట తడబడింది. పెన్ను చూపిస్తే "అది... అది..." అంటారు, పేరు రాదు. మా పాప పేరు అడిగితే నా పేరు చెప్పారు. ఐసీయూలో ఐదు రోజులుంచారు. ఇప్పుడు మామూలుగానే మాట్లాడుతున్నారు కానీ నాకు రాత్రిళ్ళు నిద్ర పట్టట్లేదు మేడమ్, ఆయన బుర్రకి శాశ్వతంగా ఏమైనా అయిందా? ఈయన బ్యాంకులో పనిచేస్తారు. (దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఒక గృహిణి)

ముందు మీ మనసు కాస్త కుదుటపడే మాట చెప్తానమ్మా. మీరు రాసింది ఐకాన్స్ అనే పరిస్థితి, ఈ కణాల వల్ల మెదడు మీద పడే ప్రభావం. చాలామందిలో ఇది రోజుల్లోనో, కొన్ని వారాల్లోనో పూర్తిగా తగ్గిపోతుంది, మీవారు ఇప్పటికే మామూలుగా మాట్లాడుతున్నారంటే అది చాలా మంచి సూచన. కొంతమందికి కొన్నాళ్ళు అలసట, ఒక పని మీద మనసు నిలవకపోవడం ఉంటాయి, బ్యాంకు పని కాబట్టి డ్యూటీలో చేరే ముందు డాక్టర్‌తో మాట్లాడండి, క్యాష్ కౌంటర్‌లో వెంటనే కూర్చోకపోవడమే నయం. బండి మాత్రం డాక్టర్ సరే అనేదాకా తీయకూడదు, స్కూటీ కూడా.

జ్వరం లేదు కదా ఎలా వచ్చింది అని మీ అనుమానం. సీఆర్ఎస్ సద్దుమణిగాక కూడా ఇది రావచ్చు, ఒక్కోసారి రెండూ కలిసే వస్తాయి. ఆ రసాయనాల వరదకి మెదడులోని రక్తనాళాల గోడ వదులవుతుంది, రక్తానికీ మెదడుకీ మధ్య ఉండే అడ్డు సరిగ్గా పనిచేయదు. టోసిలిజుమాబ్ మెదడులోకి సరిగ్గా చేరదు కాబట్టి దీనికి అది పెద్దగా ఉపయోగపడదు, ఇక్కడ ముఖ్యమైన మందు డెక్సామెథసోన్, అంటే స్టెరాయిడ్. ఫిట్స్ రాకుండా లెవెటిరాసిటామ్ ఇస్తారు, మెదడు తరంగాలు చూసే ఈఈజీ తీస్తారు, అవసరమైతే స్కాన్. మత్తుగా పడిపోతున్నా, ఫిట్స్ వచ్చినా, మెదడు వాస్తోందన్న అనుమానం ఉన్నా ఐసీయూ తప్పదు, ఎందుకంటే గొంతులో అడ్డుపడకుండా ఊపిరి కాపాడాలి.

మిగతా పాఠకులు కూడా చదవాల్సింది ఇప్పుడు చెప్పబోయేది. ఐసీయూలో మేం రోజుకి కొన్నిసార్లు పేషెంట్‌ని పది మార్కుల పరీక్ష అడుగుతాం. ఇది ఏ సంవత్సరం, ఏ నెల, ఏ ఊరు, ఏ హాస్పిటల్, వీటికి నాలుగు. మూడు వస్తువులు చూపించి పేర్లు చెప్పమంటాం, మూడు. కళ్ళు మూసుకోండి, నాలుక చూపించండి లాంటి ఒక మాట విని చేస్తే ఒకటి. ఒక వాక్యం రాస్తే ఒకటి. వంద నుంచి పదేసి తగ్గిస్తూ వెనక్కి లెక్కపెడితే ఒకటి. చిన్నపిల్లల పరీక్షలా ఉంటుంది, కానీ నిన్న పదికి పది వచ్చిన మనిషికి ఇవాళ ఎనిమిది వస్తే మా అందరికీ పరుగే. చాలాసార్లు మొట్టమొదట చెడేది చేతిరాతే.

ఇక్కడే నాకో బాధ ఉంది. మన హైదరాబాద్ ఐసీయూల్లో చాలామంది నర్సులు కేరళ నుంచి వచ్చినవాళ్ళు, పని విషయంలో వాళ్ళకి సాటి లేదు, కానీ తెలుగు అందరికీ రాదు. నిజామాబాద్ నుంచో, నల్గొండ నుంచో వచ్చిన పెద్దాయన్ని హిందీలోనో ఇంగ్లీషులోనో "నెల ఏంటి" అని అడిగితే ఆయన బిత్తరపోయి చూస్తాడు, అది భాష సమస్యా, మెదడు సమస్యా? అలాగే చదువు రాని అమ్మని వాక్యం రాయమంటే సున్నా వేసేస్తారా? మా పెద్దవాళ్ళు కొందరు నెలలు జనవరి ఫిబ్రవరిల్లో చెప్పరు, మాఘం ఫాల్గుణం అంటారు, అది తప్పెలా అవుతుంది. కాబట్టి కణాలు ఎక్కించక ముందే, మనిషి పూర్తి తెలివిలో ఉన్నప్పుడే, ఈ పరీక్ష తెలుగులో ఒకసారి చేయించండి, ఏది చెప్పగలరు ఏది చెప్పలేరు అని కేస్ షీట్‌లో రాయించండి. రాయడం రానివాళ్ళయితే సంతకమో, వాళ్ళకి వచ్చిన ముగ్గుబొమ్మో ఏదో ఒకటి ముందు రోజే గీయించి పెట్టుకోవచ్చు, తర్వాత దాంతో పోల్చి చూడొచ్చు. ఇది మీరు అడిగితే ఏ డాక్టరూ కాదనరు.

మీ విషయంలో అమ్మా, పెన్ను పేరు రావట్లేదని మొదట పట్టింది మీరే అనుకుంటున్నా. ఇంటి మనిషికి తెలిసినంత త్వరగా మాకు తెలియదు, ఆయన మామూలుగా ఎలా మాట్లాడతారో మేం ఎప్పుడూ వినలేదు కదా.

మా అమ్మని వెంటిలేటర్ మీద పెట్టాలి సంతకం చేయమన్నారు. పెట్టాక తీయరు, బిల్లు కోసమే పెడతారు అని అందరూ భయపెడుతున్నారు. (మలక్‌పేట)

ఈ ఉత్తరం వచ్చి కొన్ని రోజులైంది, మీరు నిర్ణయం తీసేసుకునే ఉంటారు, అయినా ఇంకొకరికి పనికొస్తుందని రాస్తున్నా. కార్-టి తర్వాత సీఆర్ఎస్ వల్లో, ఐకాన్స్ వల్లో వెంటిలేటర్ పెడితే ఆ కారణం సాధారణంగా తగ్గేదే, అది తగ్గేదాకా ఊపిరిని మోయడానికే ఆ మెషీన్. 2012లో అమెరికాలో ఫిలడెల్ఫియా పిల్లల ఆసుపత్రిలో ఎమిలీ వైట్‌హెడ్ అనే ఆరేళ్ళ పాపకి, లుకేమియా అనే బ్లడ్ క్యాన్సర్‌కి కార్-టి తీసుకున్న మొట్టమొదటి చిన్నపిల్ల తనే, ఇలాగే జ్వరం పెరిగి బీపీ పడి వెంటిలేటర్ మీదకి వెళ్ళింది. బతకదనే అనుకున్నారు. రక్తపరీక్షలో ఇంటర్‌ల్యూకిన్-6 విపరీతంగా ఉందని తేలింది, ఆ చికిత్స కనిపెట్టినవాళ్ళలో ఒకరైన కార్ల్ జూన్‌కి కీళ్ళవాతానికి వాడే టోసిలిజుమాబ్ గురించి తెలుసు, ఎందుకంటే ఆయన కూతురికే చిన్నప్పట్నుంచి ఆ జబ్బుంది. ఆ మందు ఇచ్చారు, పాప తేరుకుంది, తన ఏడో పుట్టినరోజుకి కళ్ళు తెరిచింది, లుకేమియా కూడా పోయింది. ఈరోజు మేం అందరికీ ఇస్తున్న మందు ఆ పాప దగ్గర మొదలైందే.

అయితే మీ అమ్మగారికి వెంటిలేటర్ ఎందుకు పెడుతున్నారో మాత్రం స్పష్టంగా అడగండి. సీఆర్ఎస్ వల్లా, ఐకాన్స్ వల్లా, ఇన్ఫెక్షన్ వల్లా, లేక క్యాన్సరే పెరిగిపోవడం వల్లా? చివరిదైతే మాట వేరు, అప్పుడు వెంటిలేటర్ వద్దనుకోవడం కూడా ప్రేమతో తీసుకునే నిర్ణయమే. మొదటి మూడిట్లో నేనైతే సంతకం పెట్టమనే చెప్తాను.

ఖర్చు గురించి సూటిగా చెప్పండి మేడమ్. మాది వరంగల్, ఉన్న ఎకరం అమ్మాలా అని ఆలోచిస్తున్నాం.

సూటిగానే చెప్తా. అమెరికాలో 2017లో మొదటి కార్-టి మందు వచ్చినప్పుడు దాని ఒక్కదాని రేటే 4,75,000 డాలర్లు. మన దేశంలో ఐఐటీ బాంబే, టాటా మెమోరియల్ కలిసి తయారుచేసిన నెక్స్‌కార్-19కి 2023 అక్టోబర్‌లో అనుమతి వచ్చింది, 2024 ఏప్రిల్‌లో రాష్ట్రపతి ద్రౌపది ముర్ము దాన్ని ప్రారంభించారు. బెంగళూరు కంపెనీ ఇమ్యునీల్‌ది ఇంకోటి 2025లో వచ్చింది. ఇక్కడివి 30 నుంచి 50 లక్షల మధ్యలో ఉంటాయి. నెక్స్‌కార్-19 ట్రయల్‌లో సుమారు 73 శాతం మందికి జబ్బు తగ్గుముఖం పట్టింది. తగ్గుముఖం పట్టడం అంటే శాశ్వతంగా నయమైపోవడం అని అనుకోవద్దు, కొందరిలో మళ్ళీ వస్తుంది, ఎకరం అమ్మే ముందు ఇది తెలిసి అమ్మాలి.

నేను గట్టిగా చెప్పేదేంటంటే, మీకు చెప్పిన రేటులో ఐసీయూ ఉందా లేదా అని కాగితం మీద రాయించుకోండి. చాలా కుటుంబాలు కణాల డబ్బు కట్టేసి ఊపిరి పీల్చుకుంటాయి, తర్వాత ఐసీయూ రోజులు, టోసిలిజుమాబ్, ప్లేట్‌లెట్స్, యాంటీ ఫంగల్ మందులు విడిగా వచ్చి పడేసరికి చేతిలో ఏమీ మిగలదు. ఆరోగ్యశ్రీ కార్డు మీద పది లక్షల పరిమితి ఉంది కదా అని ధైర్యపడకుండా, అందులో ఈ చికిత్సలో ఏ భాగానికి వస్తుందో హాస్పిటల్‌లోని ఆరోగ్యమిత్రని ముందే అడగండి, సీఎం రిలీఫ్ ఫండ్‌కి కూడా ఇప్పుడే అప్లై చేయండి, డిశ్చార్జి రోజు దాకా ఆగొద్దు. రక్తం, ప్లేట్‌లెట్స్ ఇచ్చే దాతల్ని ఊర్నుంచి ముందే మాట్లాడి పెట్టుకోండి. ఒక్క సంగతి, ఫ్లుడారబిన్ తీసుకున్న పేషెంట్‌కి రేడియేషన్ ఇచ్చిన రక్తమే ఎక్కించాలి, ఇర్రేడియేటెడ్ అంటారు, మీ హాస్పిటల్ బ్లడ్ బ్యాంకులో ఆ సౌకర్యం ఉందో లేదో కనుక్కోండి, లేకపోతే ఎక్కడ్నుంచి తెప్పిస్తారో కనుక్కోండి.

అత్తయ్యకి కార్-టి అయి రెండు నెలలైంది. రిపోర్టులు బాగున్నాయి. శ్రావణంలో మా ఆడపడుచు పెళ్ళి, తల్లి లేకుండా ఎలా అని అందరూ. తీసుకెళ్ళొచ్చా? (ఈసీఐఎల్ నుంచి ఒక కోడలు)

సొంత కూతురి పెళ్ళికి వెళ్ళొద్దని నేనెలా అంటానమ్మా, వెళ్ళడానికి దారి వెతుకుదాం. ఆ కణాలు క్యాన్సర్‌తో పాటు మంచి బి-కణాల్ని కూడా చంపేస్తాయి, వాటి మీదా అదే సీడీ-19 గుర్తు ఉంటుంది కాబట్టి, అందుకని బి-కణాల వల్ల తయారయ్యే ఇమ్యునోగ్లోబులిన్లు, అంటే ఇన్ఫెక్షన్లని ఎదుర్కొనే యాంటీబాడీలు, నెలల తరబడి తక్కువగా ఉంటాయి. పెళ్ళికి రెండు వారాల ముందు ఐజీజీ అనే ఆ యాంటీబాడీల పరీక్ష, సీబీసీ చేయించి డాక్టర్‌కి చూపించండి, ఐజీజీ తక్కువగా ఉంటే ఇంజెక్షన్ అవసరమో లేదో ఆయన చెప్తారు, వేసుకుంటున్న మందులు ఒక్క పూట కూడా మానకూడదు. పెళ్ళికి వచ్చేవాళ్ళలో జలుబు, దగ్గు ఉన్నవాళ్ళు ఆవిడ దగ్గరికి రాకుండా మీరే నిలబడి చూసుకోవాలి, చిన్నపిల్లలైనా సరే. మాస్కు ఉండాలి, ముహూర్తం సమయానికి తీసుకెళ్ళి జీలకర్ర బెల్లం, తలంబ్రాలు అయ్యాక ఒక గదిలో కూర్చోబెట్టండి, ఏసీ హాల్లో అంతమంది మధ్య గంటలకొద్దీ వద్దు. భోజనం ఇంటి నుంచి వేడిగా తీసుకెళ్ళండి, బఫేలో పచ్చి సలాడ్లు, పెరుగు చట్నీలు, బయటి ఐస్ వేసిన జ్యూసులు వద్దు. ఆ వారంలో కొంచెం జ్వరం అనిపించినా పెళ్ళి హడావిడిలో ఎవరికీ చెప్పకుండా దాచుకుంటారు ఆవిడ, తల్లులంతా అంతే, అందుకే పొద్దునా సాయంత్రం థర్మామీటర్ మీరే పెట్టి చూడండి.